పూలపాత్రను గీతలతో గీయుట



ముగ్గులను గూర్చియు, చీర అంచుల లతలను గూర్చియు మేము వ్రాసిన పిమ్మట వచ్చిన జాబులలో ఒకే ప్రశ్న పలుమాఱులు కనబడుచున్నది. చేతితో కాగితముపై గీచిన బొమ్మను అచ్చువారు పుచ్చుకొనుట లేదనియు, కంప్యూటరుపై గీచి తెమ్మనుచున్నారనియు, ఇంటిపనులలో మునిగియున్న తమకు ఆ విద్య పట్టువడునా యనియు పెక్కుమంది యడిగియున్నారు. పట్టువడును. ముగ్గు పెట్టుట నేర్చిన చేతికి ఇది క్రొత్తవిద్యయే కాదని మా యభిప్రాయము. ఊరక చెప్పిన నమ్మరు గాన ఈ నెల ఒక్క వస్తువును, పూలపాత్రను, మొదటినుండి కడవఱకు గీయు విధము వ్రాయుచున్నాము. పూలపాత్రనే యేల యెన్నుకొంటిమనగా, దానిలో సగము గీచిన చాలును. తక్కిన సగము యంత్రమే తెచ్చిపెట్టును. అంతియకాక శుభలేఖకును, రవికె వెనుకభాగమునకును, గోడమీది పటమునకును ఆ యొక్క బొమ్మయే పనికివచ్చును.

కంప్యూటరు బొమ్మలలో రెండు జాతులు కలవు. ఈ భేదము తెలియక డబ్బు పోగొట్టుకొన్నవారిని మేమెఱుగుదుము గాన ఇచట కొంచెము నిలిచి చెప్పెదము. మొదటిజాతి క్రాసుకుట్టు వంటిది. గళ్ళగుడ్డపై ఒక్కొక్క గడికి ఒక్కొక్క రంగు దారము కుట్టుచు పోగా దూరమునుండి గులాబీ కనబడును. దగ్గఱకు పోయి చూచిన గళ్ళే కనబడును. ఫోనుతో తీసిన ఛాయాచిత్రములన్నియు ఈ జాతివే. ఆ గళ్ళకు పిక్సెళ్ళని పేరు. అడ్డముగా 600 గళ్ళు గల బొమ్మను పెండ్లిపందిరి ముందు కట్టు పదియడుగుల ఫ్లెక్సీపై అచ్చువేయించితిమనుకొనుడు. పదియడుగులనగా 120 అంగుళములు. అంగుళమునకు ఐదు గళ్ళే వచ్చును. ఒక్కొక్క గడియు కందిగింజయంతయై పూలపాత్ర అంచు మెట్లమెట్లుగా కనబడును. అచ్చువాని యంత్రము చెడ్డదని అప్పుడు తగవులాడి లాభము లేదు.

రెండవజాతి వెక్టరు బొమ్మ. ఇందు గళ్ళు లేవు, ఆజ్ఞలు కలవు. ఇక్కడ బయలుదేరుము, ఇటు వంగుము, అక్కడ ఆగుము, లోపల పసుపు నింపుము అని చెప్పుట యన్నమాట. అనగా పెట్టిన ముగ్గును చూపుట కాదు. ముగ్గు పెట్టు విధమును చెప్పుట. చెప్పిన విధము పళ్ళెములోనికైనను వాకిటిలోనికైనను ఒకటే గాన, బొమ్మను ఎంత పెంచినను అంచు చెదరదు. ఇట్టి బొమ్మను దాచు ఫైలునకు ఎస్‌వీజీ యని పేరు. వెబ్‌నకు ప్రమాణములను నిర్ణయించు డబ్ల్యూత్రీసీ యను సంస్థ దీనిని 2001లో ప్రమాణముగా అంగీకరించినది. కుతూహలము గలవారు ఆ ఫైలును మామూలు వ్రాతఫైలువలె తెఱచి చూడవచ్చును. ఎం అను ఇంగ్లీషు అక్షరము కనబడిన అది బయలుదేరు చోటు. సి అను అక్షరము వెంట మూడు జతల అంకెలున్న అది యొక వంపు. జడ్ అనగా బయలుదేరిన చోటికి తిరిగివచ్చి గీతను మూయుట. మనము గీయబోవు పాత్ర దేహమంతయు ఇట్టి నాలుగైదు పంక్తులలో ఇమిడిపోవును. ఛందస్సు నేర్చినవారికి గణములు చూచినట్లుండును.

సాధనములు పెక్కు కలవు. ఇలస్ట్రేటరు, కోరెల్‌డ్రా అనునవి అచ్చుకూటములలో వాడుక. వానికి వెల చెల్లింపవలెను. మేము వాడునది ఇంక్‌స్కేప్. ఇది 2003లో సోడిపోడి యను మఱియొక సాధనమునుండి చీలి పుట్టినది. 2020లో దీని 1.0 కూర్పు వెలువడినది. దీనికి వెలయు లేదు, చందాయు లేదు. విండోసు, లినక్సు, మాక్ యంత్రములపై నడచును. పిల్లల చదువునకై కొన్న ల్యాపుటాపు మధ్యాహ్నవేళ ఖాళీగా నున్న అదియే చాలును. ఒక మౌసు మాత్రము వేఱుగా కొనుక్కొనుడు. ల్యాపుటాపు పలకపై వ్రేలితో రుద్ది వంపులు గీయుట సహనమునకు పరీక్ష.

ఇక ఏ పాత్ర గీయవలెను? ఇంటర్నెట్టులో వెదకిన దొరకునవి చాలవఱకు గ్రీకుజాడీలు, చీనాపింగాణీ కూజాలు. అవియు అందమైనవే. కాని రెండువేల యేండ్లనాటి పాత్ర మనకు ఇంటనే కలదు. అమరావతి స్తూపపు శిల్పములలో పూర్ణఘటము పలుచోట్ల చెక్కబడియున్నది. గుండ్రని బొజ్జ, కుఱుచమెడ, నడుముచుట్టు పట్టెడలు, మూతినుండి పొంగివచ్చు తామరపూవులు, మొగ్గలు. అమరావతి ఫలకములు కొన్ని చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియమునందును, కొన్ని లండనులోని బ్రిటిష్ మ్యూజియమునందును, కొన్ని అమరావతిలోని మ్యూజియమునందును ఉన్నవి. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2018లో స్వీకరించిన రాజచిహ్నములో కూడ ఈ పూర్ణఘటమే కలదు. ఆ చిహ్నమును ఉన్నదున్నట్లు ఎత్తి మన కార్డులపై వేయరాదు. అది ప్రభుత్వపు గుర్తు. పూర్ణఘటమను రూపము మాత్రము ఏ యొక్కరి సొత్తును కాదు. శిల్పమును చూచి, ప్రక్కన పెట్టి, మన చేతితో మన పాత్రను గీయుటకు ఎవ్వరి యనుమతియు అక్కఱలేదు. మఱియొక మాట. పూజలో నుంచు కలశము వేఱు, ఇది వేఱు. కలశముపై మామిడాకులును కొబ్బరికాయయు, పూర్ణఘటమున పూవులు. శుభలేఖలవారు రెంటిని కలిపి కొబ్బరికాయ నెత్తిన తామరను మొలిపించుట మేము కన్నులార చూచితిమి.

గీయుటకు ముందు పాత్ర అవయవములను చూచుకొనవలెను. మూతి, మెడ, భుజము, బొజ్జ, అడుగు, దానిక్రింద కుదురు. మనవారు కుండకు మనిషి అవయవముల పేర్లు ఊరక పెట్టలేదు. ఒక్కొక్క పేరువద్ద వంపు మాఱును. అన్నిటిలో రెండుచోట్లు ముఖ్యములు. బొజ్జ మిక్కిలి వెడల్పైన చోటు ఒకటి, మెడ మిక్కిలి సన్నమైన చోటు ఒకటి. ఈ రెంటి ఎత్తును, వెడల్పును నిర్ణయించితిమా, తక్కిన రూపము దానంతట అదియే వచ్చును. బొజ్జను సరిగా నడుమ పెట్టిన పాత్ర మందముగా కనబడును. కొంచెము పైకి జరిపిన చురుకుదనము వచ్చును. క్రిందికి దింపిన నిండుకుండవలె నిబ్బరముగా నుండును. పూర్ణఘటమునకు ఈ కడపటిదియే తగును.

మా యింటివారు బడిలో సౌష్ఠవమను పాఠము చెప్పునప్పుడు కాగితమును నడిమికి మడిపించి, మడతవైపు సగము కుండను కత్తిరింపించుదురు. మడత విప్పగనే నిండుకుండ! అది చూచి పిల్లలు ప్రతిసంవత్సరము చప్పట్లు చరతురట. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱను తరిణపై త్రిప్పుచు భరిణెలు, బొమ్మలు చేయువారిది కూడ ఈ నియమమే. కఱ్ఱ తిరుగుచుండగా ఉలి యొక్కవైపుననే తాకును. రూపము నలువైపుల ఏర్పడును. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. మనము చేయబోవునది కాగితపు మడతయే, తరిణపనియే. మడత స్థానమున ఒక నిలువుగీత యుండును.

ఇంక్‌స్కేపులో క్రొత్తపుటను తెఱచి, ఎడమప్రక్క కొలబద్దపై మౌసు నొక్కిపట్టి కుడికి లాగిన ఒక నిలువుగీత వచ్చును. ఇది అచ్చులో పడదు. గోడకు దారము కట్టి చూచుకొనునట్లు మనకొఱకు మాత్రమే. దానిని పుట నడిమికి తెండు. అంటుకొను గుణము, అనగా స్నాపింగు, పనిచేయుచున్నదేమో చూచుకొనుడు. అప్పుడు ఈ గీతకు దగ్గఱగా పెట్టిన ప్రతిచుక్కయు దానినే పట్టుకొనును.

తరువాత బి మీట నొక్కిన కలము చేతికి వచ్చును. ఈ కలమునకు రెండు నడకలు. నొక్కి విడిచిన మూల ఏర్పడును. నొక్కి లాగిన వంపు ఏర్పడును. మన సగము పాత్రకు ఏడు చుక్కలు చాలును. మొదటిది నిలువుగీతపై, మూతి నడుమ. రెండవది కుడివైపు మూతికొస. ఈ రెంటిని నొక్కి విడువుడు. మూడవది మెడ సన్నమైన చోట. ఇక్కడ నొక్కి, నిలువుగా క్రిందికి లాగుడు. నాలుగవది బొజ్జ వెడల్పైన చోట. ఇచటను అట్లే నిలువుగా క్రిందికి లాగుడు. ఐదవది బొజ్జ ముగిసి కుదురు మొదలగు చోట, ఆఱవది కుదురు కొస, ఏడవది తిరిగి నిలువుగీతపై అడుగు నడుమ. ఈ మూటిని నొక్కి విడిచిన చాలును. ఎంటర్ మీటతో ముగించుడు. లాగునప్పుడు కంట్రోల్ మీట పట్టుకొనిన పిడి నిలువు తప్పదు. భుజమువద్ద ఎట్టి చుక్కయు పెట్టలేదని గమనింపుడు. మెడ వంపును బొజ్జ వంపును కలిసినచోట భుజము తానే జాఱివచ్చును.

పిడి యంటిమి, దానిని వివరింపవలెను. మెలికల ముగ్గులో గీత చుక్కను తాకదు, చుట్టిపోవును. ఇక్కడ గీత చుక్కగుండనే పోవును. దానిని వంచునవి చుక్కకు ఇరుప్రక్కల చాచియున్న రెండు పిడులు. గీత చుక్కనుండి పిడి చూపిన దిక్కునకే బయలుదేరును. పిడి పొడవైన వంపు ఉబ్బును. పొట్టిదైన గీత బిగియును. పిడి పొడవు తరువాతి చుక్కకు గల దూరములో మూడవవంతు ఉండవలెనని మేము ఒక కొలత పెట్టుకొంటిమి. దానినుండి మొదలుపెట్టి కంటికి నచ్చునట్లు సవరింపవచ్చును. మొదటిసారి గీచువారు నమ్మకము చాలక ముప్పది చుక్కలు పెట్టుదురు. చుక్కలు పెరిగినకొలది పాత్ర గుంటలుపడిన సత్తుచెంబువలె నగును. వంపు బాగుగా రానప్పుడు చుక్కను చేర్చుట కాదు, తీసివేయుట ఉపాయము.

ఈ వంపులకు బెజియే వంపులని పేరు. ఫ్రాన్సు దేశమున రెనో కార్ల కంపెనీలో ఇంజనీరుగా నుండిన పియేర్ బెజియే 1960 తరువాతి యేండ్లలో కారుదేహపు వంపులను లెక్కలతో వ్రాయుటకు వీనిని వాడి లోకమునకు తెలియజేసెను. నిజమునకు అంతకుముందే, 1959లో, సిత్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్టెల్జో యను గణితజ్ఞుడు ఈ వంపులనే కనుగొనియుండెను. కాని ఆయన పనిని కంపెనీవారు వ్యాపారరహస్యమని బయట పెట్టనీయలేదు. పేరు బెజియేకు దక్కినది. ఈ ముచ్చట ముందు మఱల పనికివచ్చును, జ్ఞాపకముంచుకొనుడు.

సగము పాత్ర వచ్చినది గదా. ఎస్ మీటతో ఎన్నికబాణమును తీసికొని, కంట్రోల్ డి నొక్కిన నకలు వచ్చును. హెచ్ నొక్కిన ఆ నకలు అద్దములోని ప్రతిబింబమువలె తిరుగును. కంట్రోల్ పట్టుకొని దానిని ఎడమకు జరిపి నిలువుగీతకు అంటింపుడు. రెండు సగములను ఎన్నుకొని కంట్రోల్ కె నొక్కుడు. ఇంతతో కలిసిపోయినవని భ్రమపడరాదు. ఎన్ మీటతో చుక్కలపనిముట్టును తీసికొని, మూతివద్ద ఒకదానిమీద ఒకటి పడియున్న రెండు కొసచుక్కలను చుట్టి ఎన్నుకొని షిఫ్టు జె నొక్కుడు. అడుగువద్దను అట్లే చేయుడు. ఇప్పుడుగాని పాత్ర ఒక్కటి కాలేదు. ఈ పని మానినచో నడుమ వెండ్రుకవంటి చీలిక కనబడును. అభ్యాసమైన పిమ్మట మిర్రర్ సిమెట్రీ యను ప్రభావమును వాడుడు. ఒక సగమును మార్చిన రెండవ సగము తనంత మాఱును. మొదట మాత్రము చేతితో చేసి చూచుట మేలు.

మూతి విషయమున పెక్కుమంది తడబడుదురు. పాత్రను కంటియెత్తున ఎదురుగా పెట్టి చూచినట్లు గీయవచ్చును. లేదా పైనుండి కొంచెము వంగి చూచినట్లు గీయవచ్చును. రెంటిని కలుపరాదు. వంగి చూచినట్లైన మూతి అండాకారమగును. అప్పుడు అడుగు కూడ క్రిందికి ఉబ్బవలెను, నడుముపట్టెడలును ఉబ్బవలెను. మూతిని కోడిగ్రుడ్డువలె గీచి అడుగును బల్లపరుపుగా కోసిన పాత్ర ఎన్ని శుభలేఖలపై ఉన్నదో లెక్కలేదు. ఇంకొక సూక్ష్మము కలదు: క్రిందికి పోయినకొలది అండాకారము గుండ్రనగును. గాజుగ్లాసును నేలపై పెట్టి నిలుచుండి చూడుడు. మూతివలయముకంటె అడుగువలయము కొంచెము గుండ్రముగా కనబడును. శుభలేఖకు, రవికెకు మాత్రము ఎదురుగా చూచిన రూపమే తగినదని మేమందుము. అలంకారమునకు లోతు అక్కఱలేదు, గీత చాలును.

పట్టెడలకు పిండి ఉపమానము చెప్పెదము. పలుచగా ఒత్తిన పిండిపై డబ్బామూతను పెట్టి నొక్కిన రెండు వస్తువులు వచ్చును: గుండ్రని పూరీ యొకటి, బెజ్జముపడిన పిండి యొకటి. ఇంక్‌స్కేపులో క్రింద నొక ఆకారమును, పైన నొక ఆకారమును పెట్టి రెంటిని ఎన్నుకొని ఇంటర్‌సెక్షన్ అనిన పూరీ మిగులును. డిఫరెన్స్ అనిన బెజ్జముపడిన పిండి మిగులును. యూనియన్ అనిన రెండును ఒకే ముద్ద యగును. పాత్రకు నకలు తీసి, దానిపై పాత్రకంటె వెడల్పైన ఒక పట్టీని గీచి ఇంటర్‌సెక్షన్ చేసిన, పట్టీ కొసలు బొజ్జ వంపునకు సరిగా తెగి కూర్చుండును. చేతితో కొలిచి కోయ నక్కఱలేదు. ఆ పట్టీలో ముత్యములు గాని, గొలుసు గాని, మీ ఇష్టము.

తామర సులభము. ఱేకునకు రెండే చుక్కలు: మొదలు, కొన. మొదటినుండి కొనకు, కొననుండి మొదటికి తిన్నని గీత గీచి మూసి, చుక్కలపనిముట్టుతో ఇరువైపుల గీతలను పట్టి బయటికి లాగిన ఱేకు వచ్చును. ఎన్నికబాణముతో ఆ ఱేకును రెండవమాఱు నొక్కిన, త్రిప్పు బాణములును, నడుమ ఒక చిన్న కూడికగుర్తును కనబడును. ఆ గుర్తును ఱేకు మొదటికి జరుపుడు. ఇక ఱేకు ఆ మొదటి చుట్టే తిరుగును. నకలు తీయుచు, కంట్రోల్ పట్టుకొని త్రిప్పిన 15 డిగ్రీల చొప్పున ఆగును. ప్రక్కనుండి చూచిన తామరకు నడిమిఱేకు ఒకటి, దానికి ఇరుప్రక్కల 30 డిగ్రీలకును 60 డిగ్రీలకును ఒక్కొక్కటి, మొత్తము ఐదు. ప్రక్కఱేకులను పేజ్‌డౌన్ మీటతో వెనుకకు పంపుడు. అష్టదళపద్మము కావలెనన్న 45 డిగ్రీలకొక ఱేకు, మూడు అడుగులకొకటి చొప్పున చుట్టును పెట్టుడు. ఒకే ఎత్తున మూడు పూవులు పెట్టకుడు; ఒకటి విరిసినది, ఒకటి సగము విరిసినది, ఒకటి మొగ్గ యైన కన్నులకు నడక యుండును.

రంగును గూర్చి ఒక చర్చ కలదు. విష్ణుధర్మోత్తరపురాణములోని చిత్రసూత్రము చిత్రమునందు ఎవరెవరికి ఏది ప్రియమో చెప్పుచు, ఆచార్యులకు రేఖ, విచక్షణులకు వర్తన యనెడు నీడవెలుగుల పని, స్త్రీలకు భూషణములు, ఇతరులకు రంగుల సమృద్ధి యని పంచిపెట్టినది. పెద్దలయెడ గౌరవముతోనే మేము దీనిని ఒప్పుకొనలేకున్నాము. తెల్లవాఱుజామున వాకిట చేతివేళ్ళసందున పిండిని వదలుచు, ఎత్తిన చేయి దింపకుండ గీత లాగు స్త్రీకంటె రేఖను మెచ్చువారెవరు? ఆ సూత్రకారునకు ముగ్గు చూచు భాగ్యము లేకపోయెనేమో. కావున రేఖ కుదిరిన పిమ్మటనే రంగునకు పొండు. జి మీటతో గ్రేడియెంటు వచ్చును: ఒక అంచున ముదురు, నడుమ లేత, రెండవ అంచున ముదురు. వెలుగును సరిగా నడుమ పెట్టక ఒకవైపునకు జరిపిన పాత్ర గుండ్రముగా తోచును. ఇత్తడికి పసుపుచాయలు మూడు చాలును. ఇంతకుమించిన మెఱుపు మిఠాయికొట్టు పెట్టెలకు విడిచిపెట్టుడు. బంగారురేకు అద్దు కార్డులకైన చాయయే పనికిరాదు. వారికి నిండైన ఒకే రంగు బొమ్మ కావలెను. తెరపై రంగులు వెలుగుతో పుట్టునవి, కాగితముపైవి సిరాతో పుట్టునవి. తెరపై మిలమిలలాడు చిలుకపచ్చ అచ్చులో తగ్గివచ్చును. ఒక మచ్చు తీయించి చూచిన పిమ్మటనే వందలు వేయించుడు.

మా వీథిలో రవికెలకు మగ్గంపని చేయు సోదరి యొకతె కలదు. ట్రేసింగుకాగితముపై బొమ్మను గీచి, సూదితో గీతవెంట చిల్లులు పొడిచి, పొడి నద్ది గుడ్డపైకి దింపుకొనును. వెనుకభాగమునకు పెద్దది, చేతులకు చిన్నది కావలసి ఒకే బొమ్మను రెండుమార్లు, మూడుమార్లు గీయుచుండెడిది. ఇంక్‌స్కేపు నేర్చిన పిమ్మట కంట్రోల్ పట్టుకొని మూలను లాగినంతమాత్రమున పొడవు వెడల్పులు కలిసి తగ్గుచుండుటచే ఆ శ్రమ తప్పినది. వట్టి తగ్గించిన చాలదని కూడ ఆమెయే మాకు చెప్పెను. వెనుకభాగమున పదునాలుగు ముత్యములు పట్టిన పట్టెడను చేతికి తగ్గించిన, సూది పట్టు చోటుండదట. చేతికి ఏడు ముత్యములతో వేఱుగా గీయును. తగ్గించునప్పుడు గీతల మందము కూడ తగ్గవలెనా, నిలువవలెనా యని నిర్ణయించు బొత్తమొకటి పైపట్టీలో కలదు, చూచుకొనుడు.

ఆమె పండ్రెండు రాత్రులు మేలుకొని, పిల్లలు పండుకొనిన పిమ్మట ఒక పూర్ణఘటమును గీచెను. మేము చూచిన వానిలో అంత నిబ్బరమైన బొజ్జ గల పాత్ర లేదు. ఒక అచ్చుకూటమువారు ఒక పెండ్లికై దానిని 300 రూపాయలకు పుచ్చుకొని, అచ్చునకు అవసరమని ఎస్‌వీజీ ఫైలునే అడిగి తీసికొనిరి. మఱుసటి ముహూర్తములలో మా యింటికి వచ్చిన శుభలేఖలలో మూటిపై ఆ పాత్రయే కనబడినది. రంగు మార్చిరి, ఒక మొగ్గ తీసివేసిరి. బొజ్జ మాత్రము ఎక్కడికి పోవును? ఆమె పోయి యడుగగా, కొన్న బొమ్మ తమదేనని యజమాని చెప్పి పంపెను. ఇంట అత్తగారును, పెనిమిటియు ఇంత బొమ్మకు రచ్చ యేల యనిరి. ఆమె రెండునెలలు కంప్యూటరు ముట్టలేదు.

ఇది చిన్నవిషయమని మేమనము. మన దేశమున 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము గీచిన బొమ్మ కూడ రచనయే. ఆ హక్కు గీచినవారి జీవితకాలమును, తదుపరి 60 సంవత్సరములును ఉండును. రిజిస్ట్రీ చేయించుట తప్పనిసరి కాదు. ఐనను ఒకరు కోరగా డబ్బు పుచ్చుకొని గీచియిచ్చినప్పుడు హక్కు ఎవరిదను తగవు లేచును గాన, ముందుగనే కాగితముపై వ్రాసికొనుట అవసరము. నాలుగు పంక్తులు చాలును: ఈ బొమ్మ ఫలానివారి శుభలేఖకు మాత్రమే, ఇతరులకు అమ్మరాదు, మార్చి వాడరాదు, మూలఫైలు కావలెనన్న దానికి వేఱు వెల, గీచినవారి పేరు ఇది. తేదీ, రెండు సంతకములు. ఫోనులో సందేశముగా పంపి, సరేయని జవాబు తెప్పించుకొనినను ఏమియు లేకుండుటకంటె మేలు. కాస్టెల్జోకు పెద్దకంపెనీలో జీతమైనను ఉండెను. మన సోదరికి అదియు లేదు.

ఏ ఫైలు ఇచ్చుచున్నామో కూడ తెలిసియుండవలెను. పీడీఎఫ్ ఇచ్చితిమి, మూలము మనవద్దనే యున్నదని కొందఱు ధైర్యముగా నుందురు. ఇంక్‌స్కేపునుండి తీసిన పీడీఎఫ్‌లో గీతలన్నియు గీతలుగనే యుండును. తెలిసినవారు దానిని తెఱచి చుక్కచుక్కను కదపగలరు. మచ్చు చూపుటకు చిన్న పీఎన్‌జీ పంపుడు. కార్డు అచ్చునకే యైన, అంగుళమునకు 300 చుక్కల వంతున ఐదంగుళముల బొమ్మకు 1500 పిక్సెళ్ళ పీఎన్‌జీ చాలును. కార్డుపై అది చక్కగా వచ్చును. పదియడుగుల ఫ్లెక్సీకి మాత్రము చాలదు. పైన చెప్పిన గళ్ళ లెక్క ఇచట మనకు కాపలాకుక్క యగును.

అచ్చునకు పంపుటకు ముందు తెలుగు అక్షరముల సంగతి మఱువకుడు. మన యంత్రములో నున్న అక్షరరూపము అచ్చువారి యంత్రములో లేకున్న వత్తులు విడిపోయి, గుణింతములు చెదరి, పెండ్లికూతురు పేరే మాఱిపోవును. అక్షరములను ఎన్నుకొని షిఫ్టు, కంట్రోల్, సి నొక్కిన అవి అక్షరములు కాక వట్టి గీతలగును. ఇక ఎక్కడికి పోయినను చెదరవు. కాని ఆ తరువాత దీర్ఘము తప్పినను దిద్ద వీలుండదు. కావున మొదటి ఫైలును వేఱుపేరున దాచి, నకలుపై ఈ పని చేయుడు. పేర్లను ఇంటిపెద్దలచేత గట్టిగా చదివించుకొనుడు.

మన సోదరి ఈ శ్రావణమునకు మఱల గీయ మొదలుపెట్టినది. ఆ అచ్చుకూటమునకు గాక వేఱొకరికి, నాలుగు పంక్తుల కాగితముపై సంతకము పుచ్చుకొనిన పిమ్మట. ఇది ఆమె మూడవ పాత్ర. మెడ ఒక వీసము పొడవైనదని మాకు తోచి చెప్పితిమి. ఆమె పిడిని పట్టుకొని అటునిటు కదపి చూచి, అట్లే యుండనిండనెను.